ప్రొఫెసరుగారి టోపీలో సామ విత్తనాలు

1928 వేసవి. అప్పటికి నేను ఒక విశ్వవిద్యాలయం ఆఫీసులో స్టూడెంట్‌షిప్‌ల బల్ల దగ్గర గుమాస్తాని. స్టూడెంట్‌షిప్ అంటే ఏమిటని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. పెద్ద పరీక్ష ప్యాసైన కుర్రవాడు ఉద్యోగం వెతుక్కోకుండా, ఒక ప్రశ్న పట్టుకుని దాని వెంట తిరగడానికి విశ్వవిద్యాలయం నెలనెలా ఇచ్చే భత్యం అది. మొదట ఒక్క ఏడాదికే ఇస్తారు. రెండో ఏడాదీ కావాలంటే దానికి రెన్యువల్ ఉండాలి. అంటే ఆ కుర్రవాడి పనికి పెద్దగా ఉన్న ప్రొఫెసరు, సూపర్‌వైజరు అంటాం, స్వయంగా చూసి 'సాగనివ్వండి' అనాలి. ఆయన అనకపోతే అంతే సంగతులు.

ఆ బల్ల దగ్గరే నా జుట్టు నెరిసింది. ఎందరో కుర్రవాళ్లు వచ్చారు, వెళ్లారు. అందులో ఒక్క కేసు చెప్పమంటే నేను దేవసహాయం కేసే చెబుతాను. నా ఉద్యోగం మొత్తం మీద పేడనీళ్లతో తల నుంచి పాదాల దాకా తడిసింది ఆ ఒక్క కేసులోనే.

దేవసహాయం సాలూరు కుర్రవాడు. తండ్రి అక్కడ మిషన్ బడిలో మాస్టారు. కుర్రవాడు వృక్షశాస్త్రంలో ఆనర్సు చేశాడు. అతను పట్టుకున్న ప్రశ్న సామల గురించి. పాచిపెంట పైన కొండల్లో పండే సామల్లో అన్నిటికన్నా మంచి రకం ఏదో తేల్చి, కల్తీ లేకుండా దాన్నొక్కదాన్నే వేరు చేస్తానని దరఖాస్తులో రాశాడు. ఆ రోజుల్లో శాస్త్రజ్ఞులందరిదీ అదే పాట. ఒక చేలో ఒకే రకం ఉండాలి, దానికి ప్యూర్ లైన్ అని పేరు. మా ప్రొఫెసరు రంగనాయకులుగారికైతే అది వేదం.

రంగనాయకులుగారి గురించి కూడా చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆయనకి ప్రాణం మీదికి వచ్చేది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల సూటు, తెల్ల టోపీ, మడత నలగని మొహం. క్లాసులో ఆయన గొంతెత్తితే ఆఖరి బెంచీ మీద నిద్రపోయేవాడు లేచి నిలబడేవాడు. ఈ గొంతు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెన్యువల్ రాకపోతే ఏమవుతుందో దేవసహాయమే ఒకసారి ఆఫీసుకొచ్చినప్పుడు నాతో అన్నాడు. "మా నాన్నగారు బడి మానేస్తున్నారండి. ఆ చోటు నాకోసం ఉంచమని పాదిరీగారిని అడిగి పెట్టుకున్నారు. భత్యం ఆగిపోతే జూన్‌లో నేను అక్కడ చేరిపోవాల్సిందే. చేరానంటే ఇక ఆ కొండ ఎక్కేది లేదు." నవ్వుతూనే అన్నాడు గానీ చేతిలో టోపీని పిండేస్తున్నాడు. నాకు అతనంటే ఇష్టం. ఆఫీసులో నాకు నమస్కారం పెట్టి, నా మొహం చూసి మాట్లాడేవాడు. మిగతావాళ్లు నా వెనక గోడతో మాట్లాడేవారు.

చైత్రంలో ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నామని ఉత్తరం రాశాం. 'ఇప్పుడు వద్దు సార్, పున్నమి దాటాక రండి' అని జవాబొచ్చింది.

రంగనాయకులుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూశారు. "రావద్దంటున్నాడంటే దాచుకునేది ఏదో ఉందన్నమాట. జగన్నాథం, సామాను సర్దు. పున్నమికి ముందే పోదాం."

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. స్టూడెంట్‌షిప్ రద్దు కావడానికి ముఖ్యమైన కారణాలు రెండు. చెప్పకుండా పనిచోటు వదిలి వెళ్లడం ఒకటి, అనుమతి లేకుండా అంశం మార్చుకోవడం రెండోది. నిద్రలో లేపి అడిగినా ఈ నిబంధనలు అప్పజెప్పగలను. మా దేవసహాయం ఈ రెండూ ఒకేసారి చేసి కూర్చున్నాడని అప్పటికి మాకు తెలియదు.

సాలూరు దాకా రైలు. అక్కడినుంచి పాచిపెంటకి ఎడ్లబండి. ఆ పైన కొండ. డోలీ మాట్లాడతానంటే రంగనాయకులుగారు ఒప్పుకోలేదు. "మనిషి భుజాల మీద మనిషి ఎక్కడం నాకు గిట్టదయ్యా," అన్నారు. చాలా గొప్ప మాటే. కానీ ప్రొఫెసరు నడుస్తుంటే గుమాస్తా డోలీ ఎక్కుతాడా? నా మోకాళ్లు ఆయన గొప్పతనాన్ని దారి పొడుగునా తిట్టుకున్నాయి.

మెట్టగుడ అనే ఆ ఊరు ఇంకా మలుపు అవతల ఉందనగా దారికి అడ్డంగా వెదురు బొంగు కనిపించింది. దాని వెనక ఆడవాళ్లు, పడుచులూ ముసలివాళ్లూ, తలల్లో పూలు పెట్టుకుని చేతులు కలిపి నిలబడ్డారు.

"ఆగండి బాబూ! ఇటుకల పండగ. ఏటైనా ఇచ్చి ఎల్లాల," అంది ముందున్న ఆవిడ. విత్తనాలు చల్లే ముందు, చైత్రంలో కొండల్లో చేసుకునే పండగ అది.

"ఇది సర్కారు దారి. దీనికి సుంకం లేదు," అన్నారు రంగనాయకులుగారు.

"సుంకం కాదు బాబూ, పండగ ముచ్చట. ఇయ్యకపోతే మాతో దింసా ఆడాల."

దింసా అంటే వాళ్లు వరసగా నడుములు పట్టుకుని అడుగు కలిపి ఆడే ఆట. రంగనాయకులుగారి మొహం చూశాక, ప్రమాదం ముంచుకొస్తోందని తెలిసి, ప్రయాణమంతా పొదుపుగా దాచుకున్న నా ఆకూ వక్కా సంచీ మొత్తం వాళ్ల చేతుల్లో పోశాను. బొంగు లేచింది. నా నోరు ఎండింది.

ఊళ్లోకి వెళ్తే ఒక్క మగవాడు కనిపించలేదు. ఊరిపెద్ద తల్లి చిలకమ్మ అరుగు మీద చేట పట్టుకుని కూర్చుంది. పళ్లు అన్నీ పోయినా గొంతు మాత్రం కంచులా ఉంది. దేవసహాయం ఎక్కడని అడిగాం.

"మా గింజల గుంటడా? ఏటకెల్లిపోనాడు," అంది.

"వేటకా?" అన్నారు రంగనాయకులుగారు.

"మరి? ఈ పండగప్పుడు మగోడు ఇంటికాడ కూకుంటే ఆడోలు ఊరుకుంటారేటి? ఇయాల ఆకరి రోజు. సాయంత్రానికి వొచ్చేత్తారు. కూకోండి బాబూ, అంబలి తాగండి."

చెప్పకుండా పనిచోటు వదిలి వెళ్లడం. మొదటి నిబంధన పోయింది. రంగనాయకులుగారు దేవసహాయం ఉండే గుడిసె ఏదో అడిగి అందులోకి నడిచారు. మంచం, లాంతరు, బైబిలు, ఒక మూల వరసగా నాలుగు మట్టి దుత్తలు. ఒక్కొక్క దుత్త మీద ఒక్కొక్క సామ రకం పేరు సుద్దతో రాసి ఉంది. నాలుగూ బోర్లించి ఉన్నాయి.

"ఇందులో గింజలేమయ్యాయి?"

గుమ్మంలోకి వచ్చిన చిలకమ్మ సంతోషంగా చెప్పింది. "అమ్మోరి బుట్టలో పోసీసినాం బాబూ! అన్నిల్ల గింజలూ ఆ బుట్టలో కలిపేత్తాం. ఏట నుంచి మగోలు వొచ్చినాక పూజారి అందరికీ పంచుతాడు. ఈ గుంటడిదీ ఒక ఇల్లే గదా, ఆడి గింజలు కలపకపోతే ఏటి బాగుంటాది?"

ఒక ఏడాదంతా కష్టపడి వేరు చేసిన నాలుగు రకాలు మళ్లీ ఊరందరి గింజల్లో కలిసిపోయాయి. రంగనాయకులుగారు నా వైపు తిరిగారు. "జగన్నాథం, రెన్యువల్ సంగతి మర్చిపో. సాయంత్రం దాకా ఎదురు చూడను. అతన్ని ఇప్పుడే చూడాలి."

ఊళ్లో కబుర్లు మోసే బారికి ఒకాయన ఉన్నాడు, కాలు కుంటి కావడం వల్ల వేటకి పోలేదు. ఆయన్ని దారి చూపించమని అడవిలోకి బయల్దేరాం. నేను మనసులో దేవసహాయం కోసం మాటలు వెతుక్కుంటున్నాను.

ఒక లోయ అంచుకు వచ్చేసరికి దూరంగా డప్పులు వినిపించాయి. కొందరు డప్పు కొడుతూ జంతువుని ఇటు తోలుతారట. మిగిలినవాళ్లు విళ్లు పట్టుకుని పొదల్లో మాటు వేస్తారట. బారికి నోటి మీద వేలు పెట్టి కూర్చోమని సైగ చేశాడు. నేను కూర్చున్నాను. ఎదురుగా పొద కదిలింది. నల్లగా ఒక అడవిపంది ముట్టె బయట పెట్టింది. దాని ఎదురుగా గోచీ పెట్టుకుని, మొహానికి మట్టి పూసుకుని, విల్లు ఎక్కుపెట్టి కూర్చున్న మనిషి ఎవరా అని చూస్తే మా ఆనర్సు పట్టభద్రుడు.

రంగనాయకులుగారు కూడా చూశారు. "మిస్టర్ దేవసహాయం! వాట్ ఈజ్ దిస్!"

ఆఖరి బెంచీని లేపే గొంతు లోయ అవతల కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది. పంది ఉన్నచోటనే గిర్రున తిరిగింది. దాని తోక మాత్రం నేను చూశాను. పొదల్లోంచి మనుషులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. ఊరిపెద్ద లింగన్న పంది పోయిన వైపు కాసేపు చూసి, "ఎల్లిపోనాది," అన్నాడు. దేవసహాయం విల్లు దించి, "నమస్కారం సార్," అన్నాడు. ఆ వేషంలో ఆ నమస్కారం చూస్తే నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

"అన్నీ ఊళ్లో మాట్లాడదాం," అన్నారు రంగనాయకులుగారు. గొంతు ఈసారి బాగా తగ్గింది. ఆ తర్వాత ఎంత తిరిగినా వాళ్లకి కుందేలు కూడా దొరకలేదు.

తిరిగి వస్తుంటే దేవసహాయం నా పక్కన నడుస్తూ మెల్లిగా అసలు సంగతి చెప్పాడు. ఈ పండక్కి వేట బాగా దొరికితే ఆ ఏడు పంట బాగా పండుతుందని వాళ్ల నమ్మకం. ఖాళీ చేతులతో వచ్చిన మగవాళ్లకి ఊరి మొదట్లోనే ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు పోస్తారండి," అన్నాడు.

ఊరి మొదట్లో కుండలు పట్టుకుని ఆడవాళ్లందరూ సిద్ధంగా ఉన్నారు. అందరికన్నా ముందు చిలకమ్మ.

"ఏటి తెచ్చినారు?"

మగవాళ్లు ఖాళీ చేతులు చూపించారు.

"ఎవుడి వల్ల పోనాది?"

ఇంతమంది ఉన్నారు, ఒక్కడంటే ఒక్కడు మా వైపు చూడలేదు. లింగన్న అయితే ఆకాశంలోకి చూస్తున్నాడు. దేవసహాయం ముందుకు వెళ్లాడు. "నా వల్లే అమ్మా. నాకు గురి కుదరలేదు."

చిలకమ్మ కుండ ఎత్తింది. అప్పుడు రంగనాయకులుగారు అతన్ని పక్కకి జరిపి తాను నిలబడ్డారు.

"అతను చెప్పేది అబద్ధమమ్మా. అరిచింది నేను. నా అరుపు వినే పంది పారిపోయింది."

చిలకమ్మ ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. "తెల్ల బట్టలు బాబూ," అంది జాలిగా.

"తెలుసు. పొయ్యండి." టోపీ తీసి జాగ్రత్తగా చెట్టు కొమ్మకి తగిలించి వచ్చి, తల వంచి నిలబడ్డారు.

పోసింది. జాలి మాట మరిచిపోయి కుండ ఖాళీ అయ్యేదాకా పోసింది. ఆ తర్వాత మిగిలిన కుండలన్నీ మగవాళ్లందరి మీదా ఒక్కసారిగా కురిశాయి. నేను మెల్లిగా ఒక గోడ చాటుకి జరిగాను. ఒక పడుచు చూసేసింది.

"నేను గుమాస్తానమ్మా, నాకేం సంబంధం లేదు," అన్నాను.

"గుమస్తా అయితే ఏటి, మగోడివి కాదేటి?" అని నా నెత్తిన బోర్లించింది.

కళ్లు తుడుచుకుని చూసేసరికి ఒక వింత శబ్దం వినిపించింది. రంగనాయకులుగారు నవ్వుతున్నారు. గడ్డం మీంచి ఆకుపచ్చ నీళ్లు కారుతుంటే, పొట్ట పట్టుకుని, ఊపిరి తిరగక నవ్వుతున్నారు. అన్నేళ్లలో నేను ఆయన పళ్లు చూడడం అదే మొదటిసారి. ఆయన నవ్వు చూసి లింగన్న నవ్వాడు, ఆ పైన ఊరు ఊరంతా నవ్వింది. నాకు ఆ క్షణాన ఒళ్లు కంపు కొడుతున్నా మనసు మాత్రం ఎంత తేలికైందో చెప్పలేను.

పక్కనే పారే గెడ్డలో స్నానం చేశాం. లింగన్న ఇచ్చిన పంచె కట్టుకుని, దుప్పటి కప్పుకుని రంగనాయకులుగారు అమ్మోరి రాళ్ల దగ్గర అందరితో పాటు కింద కూర్చున్నారు. ఇంకా పొద్దుంది. పూజారి బుట్టలోంచి విత్తనాలు పంచడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ఇంటి పేరు పిలవడం, ఆ ఇంటివాడు కొంగు పట్టడం. "గింజల బాబు ఇల్లు," అంటే దేవసహాయం వెళ్లి పట్టాడు. అందరూ అయ్యాక చిలకమ్మ రంగనాయకులుగారి భుజం మీద పొడిచింది.

"లెగు బాబూ. తడిసినోడికి ఇయ్యాల. నీదీ ఇల్లే."

ఆయన అటూ ఇటూ చూశారు. పంచె కొంగు విప్పి పట్టడం ఆయనకి అలవాటు లేదు. కొమ్మకి తగిలించిన టోపీ తెచ్చి, తిరగేసి రెండు చేతులతో పట్టారు. పూజారి దాంట్లో విత్తనాలు పోశాడు.

ఆ టోపీ ఒళ్లో పెట్టుకుని ఆయన అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి చిలకమ్మని చేట అడిగి, గింజలు దాంట్లో పరిచి, భూతద్దం తీశారు. దేవసహాయం నిలబడే ఉన్నాడు.

"నీ నాలుగు రకాలూ ఇందులోనే ఉన్నాయి. నేను పోల్చగలను," అన్నారు. "ఇంకా ఎన్నో ఉన్నాయి. కొర్ర ఉంది, చోడి ఉంది. ఎందుకు కలపనిచ్చావు?"

దేవసహాయం అరుగు దగ్గరికి జరిగాడు. "పోయినేడు కొంచెం కొంచెం విత్తనం అట్టే పెట్టుకుని, నాలుగు మడుల్లో నాలుగూ విడివిడిగా వేశాను సార్. మధ్యలో వాన పోయింది. మూడు మడులు ఎండిపోయాయి, ఒక్కటే మిగిలింది. పక్కనే చిలకమ్మగారి చేను. అన్నీ కలిపి చల్లింది. అందులో కొన్ని పోయాయి, కొన్ని పండాయి. ఆవిడ ఇంట్లో అంబలి ఆగలేదు. అప్పటినుంచీ ఏది మంచి రకం అనేది కాదు సార్ నా ప్రశ్న. ఏ ఏడు ఏది మిగులుతుంది, ఈ బుట్ట అన్నిటినీ ఎట్లా బతికిస్తోంది, అది. కానీ పండగకి ముందు విత్తనం బయటివాడికి ఎవరూ ఇవ్వరు. ఇల్లున్నవాడికే బుట్టలో వాటా. ఇల్లు అనిపించుకోవాలంటే నా గింజలు కలపాలి, వేటకి పోవాలి. అందుకే పున్నమి దాటాక రమ్మన్నాను. ఈ వాటా చేతికొచ్చాక మీకు చూపిద్దామని."

"నువ్వు క్రిస్టియన్‌వి కదా. అమ్మోరి బుట్టలో ఎట్లా కలిపావు?"

"నేను మొక్కలేదు సార్. వాళ్లు మొక్కుతుంటే పక్కన నిలబడ్డాను."

రంగనాయకులుగారు మళ్లీ భూతద్దం పట్టి గింజలు ఒక్కొక్కటే పక్కకి జరిపారు. నేను ఆగలేకపోయాను. నిబంధన నిబంధనే కదా, రేపు ఆఫీసులో అడిగేది నన్ను. "అంశం మారిందండి. అనుమతి లేకుండా మారితే..." అన్నాను.

"మారలేదయ్యా, ముదిరింది," అన్నారాయన. "కాగితం తీయి. స్కాలరు పనిచోటనే ఉన్నాడు. నేననుకున్న దానికన్నా ఎక్కువగానే ఉన్నాడు. రెండో ఏడు సాగనివ్వండి. అవసరమైతే మూడోది కూడా."

దేవసహాయం థాంక్స్ చెప్పబోయాడు. చటుక్కున కిందికి వంగి, చేట అంచున జారిన గింజలు ఏరుతూ కూర్చున్నాడు. ఎంతకీ తల ఎత్తడేం! చిలకమ్మే వెళ్లి జుట్టు పట్టి లేపింది. "ఏడుత్తావేటి గుంటడా, పండగపూట? బేగి లెగు, అన్నం తిందాం."

మర్నాడు దిగుతుంటే మళ్లీ అదే మలుపు, అదే బొంగు, అదే ఆడవాళ్లు. నా సంచీ ఖాళీ. నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే, రంగనాయకులుగారు గింజల టోపీ నా చేతిలో పెట్టి, "జాగ్రత్త, ఒలికించకు," అని వెళ్లి ఆ వరసలో కలిశారు. అడుగు ఒక్కటీ కుదరలేదు. వాళ్లకి అదే ఎక్కువ ముచ్చటైంది, చాలాసేపు వదల్లేదు.

దేవసహాయం పని పూర్తయింది, డిగ్రీ వచ్చింది, మా దగ్గరే లెక్చరర్ అయ్యాడు. రంగనాయకులుగారు టోపీలో తెచ్చిన విత్తనాలు బంగళా వెనక చల్లి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ బలవంతంగా చూపించేవారు. గింజల దుమ్ము పట్టిన ఆ టోపీ మళ్లీ తెల్లబడలేదు. ఆయన కొత్తది కొననూ లేదు.

అప్పటినుంచి రెన్యువల్ ఇంటర్వ్యూల్లో ఆయన ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవారు. "నువ్వు పని చేసే చోట నీ మీద ఎవరైనా నీళ్లు పోశారా?" కుర్రవాళ్లు తెల్లమొహం వేసేవారు. బల్ల చివర కూర్చున్న నేను మాత్రం నవ్వు ఆపుకోలేక దగ్గేవాణ్ణి. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ దేవసహాయానికి వచ్చింది, కుర్చీతో పాటు ప్రశ్న కూడా.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. పరిశోధనకి మేమిచ్చే భత్యం కుర్రవాణ్ణి ఒక ఊరి దాకా పంపగలదు. ఆ ఊళ్లో వాడిది ఒక ఇల్లు అని ఒప్పుకోవలసింది ఊరివాళ్లు. వాళ్లు ఒప్పుకునేదాకా పని మొదలైనట్టు కాదు.

నేను పదవి దిగే ముందు చూసిన ఆఖరి ఇంటర్వ్యూ కూడా బాగా గుర్తుంది. సముద్రపు ఒడ్డున జాలరిపేటల్లో పని చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది, సన్నగా, భయంభయంగా. దేవసహాయం అన్నీ అడిగి, ఆఖరున ఆ ప్రశ్న అడిగాడు. ఆ పిల్ల సిగ్గుతో ఎర్రబడి, నా వైపు చూసి, తన బట్టల వైపు చూసుకుని, ఇంటి భాషలోకి జారిపోయింది.

"పోసినారండి. సేపలు కడిగిన నీల్లు. నాను దారికి అడ్డంగా కూకున్నానని."

దేవసహాయం కుర్చీలోంచి లేచి ఆ అమ్మాయికి నమస్కారం పెట్టాడు. అతను చెప్పకుండానే నేను రెన్యువల్ కాగితం తీశాను.